సెలవు నుంచి వచ్చాక మొదటి వారం: పాతోళ్ళం కూడా కొత్తోళ్ళమే

ఈ వారం ఎపిసోడ్‌కి ఒక తమ్ముడి వాయిస్ మెసేజ్ కారణం. "అన్నా, ఆరేళ్ళ నుంచి దోహాలో పని చేస్తున్న. రెండు నెలలు ఊర్ల ఉండి వచ్చిన. డ్యూటీ ఎక్కిన రోజే కండ్లు తిరిగినయి. ఆరేళ్ళ అలవాటు ఎటు పోయింది?" అని అడిగిండు. ఎపిసోడ్ వినే టైం లేనివాళ్ళ కోసం జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్తా. నేను స్టీల్ ఫిక్సర్‌గా ఉన్న రోజుల్లో చెల్లె పెళ్ళికని జగిత్యాల పోయి, జూన్ మొదట్లో తిరిగొచ్చాను. "నువ్వు పాతోడివి కదా" అని ఫోర్‌మన్ మొదటి రోజే ఫుల్ పని ఇచ్చాడు. నేనూ అట్లనే అనుకున్నాను. రెండో రోజు పొద్దున తొమ్మిదిన్నరకే పిక్కలు పట్టేశాయి. నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చున్నవాణ్ణి మళ్ళీ లేవలేకపోయాను. పక్కన పనిచేసే నేపాలీ తమ్ముడు నన్ను నీడలోకి లాక్కెళ్ళి తల మీద నీళ్ళు పోశాడు. ఆ రోజు బతికి బయటపడ్డది అతని పుణ్యమే.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మనం బరువు ఎత్తినా, కడ్డీ వంచినా, కండరాలు వాడే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగతాదంతా వేడి. అంటే ఎండ బయటి నుంచి కాలుస్తుంటే, పని లోపలి నుంచి కాలుస్తుంది. ఆ వేడిని బయటికి పంపాలంటే గుండె రక్తాన్ని చర్మం దాకా తోయాలి. అదే సమయంలో కండరాలకూ రక్తం కావాలి. ఒక్క మోటారు మీద రెండు పైపులు నడిపినట్టు. అందుకే గుండె దడదడ కొట్టుకుంటుంది.

రోజూ వేడిలో పని చేస్తుంటే ఒకటి రెండు వారాల్లో ఒళ్ళు సర్దుకుంటుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. చెమట తొందరగా మొదలై ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు మాత్రం తగ్గుతుంది. ఆటగాళ్ళు పెద్ద పోటీలకు ముందు ఇదే పద్ధతిలో వేడిలో సాధన చేస్తారు.

కానీ ఈ అలవాటు బ్యాంకులో వేసిన డబ్బు లాంటిది కాదు. వారం రోజులు వేడిలో పని లేకపోతే బాగా తగ్గుతుంది. నెల దాటితే చాలామందికి దాదాపు మొత్తం పోతుంది. పనితనం మన చేతుల్లో అట్లనే ఉంటుంది, ఒళ్ళు మాత్రం కొత్తోడి ఒళ్ళు అయిపోతుంది. తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇదే.

"మా ఊర్లో మే నెల ఎండ తక్కువనా?" అని మీరు అడగొచ్చు. ఎండ ఉంటే సరిపోదు, ఆ వేడిలో చెమట పట్టేలా ఒళ్ళు కదలాలి. నేనైతే కూలర్ ముందు కూర్చుని పెళ్ళి భోజనం తిన్నాను!

రాత్రి అయినా వేడి వేడే

2019 సెప్టెంబర్‌లో దోహా కార్నిష్ మీద ప్రపంచ అథ్లెటిక్స్ మహిళల మారథాన్ జరిగింది. ఎండకు భయపడి అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. గాలిలో ఉక్క ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. నైట్ షిఫ్ట్ వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రూల్ ఏం చెప్తుంది?

ఖతార్‌లో 2021 నుంచి ఉన్న రూల్ ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని బంద్. డబ్ల్యూబీజీటీ అనే కొలత 32.1 దాటితే ఏ టైంలో అయినా పని ఆపాలి. ఇది ఫోన్‌లో కనిపించే టెంపరేచర్ కాదు. వేడి, ఉక్క, ఎండ, గాలి నాలుగూ కలిపి చూసే లెక్క. వేడి వల్ల ప్రాణానికి ముప్పని గట్టి కారణం ఉంటే పని ఆపే హక్కు కూడా ఆ రూల్‌లోనే ఉంది.

కానీ చూడండి, నేను పడిపోయింది తొమ్మిదిన్నరకి. బంద్ టైం మొదలుకాక ముందే.

మరి ఏం చెయ్యాలి?

అమెరికాలో కార్మికుల భద్రత చూసే సంస్థ నయోష్ ఒక లెక్క చెప్తుంది. ఆ పని ముందే చేసిన పాతవాళ్ళు తిరిగొచ్చాక మొదటి రోజు వేడిలో సగం పనే చెయ్యాలి. రెండో రోజు 60 శాతం, మూడో రోజు 80, నాలుగో రోజు పూర్తి పని. పూర్తిగా కొత్తవాళ్ళైతే మొదటి రోజు 20 శాతంతో మొదలుపెట్టి రోజుకి ఇంకో 20 మించకుండా పెంచాలి.

పని లెక్క మన చేతిలో లేదని నాకూ తెలుసు. మన చేతిలో ఉన్నవి ఇవి:

- ఊర్లో ఉండగానే, చివరి రెండు వారాలు రోజూ పొద్దున్నో సాయంత్రమో గంటసేపు చెమట పట్టేలా నడవండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ స్పీడ్ చాలు. నడినెత్తి ఎండలో వద్దు.
- డ్యూటీ ఎక్కిన రోజే ఫోర్‌మన్‌కి "నిన్ననే సెలవు నుంచి వచ్చిన" అని చెప్పండి. మొదటి మూడు నాలుగు రోజులు నీడ పని అడగండి. సిగ్గు పడకండి.
- దాహం కోసం ఆగకుండా 15-20 నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్ళు తాగండి. గంటకి లీటరున్నర మించొద్దు. అన్నంలోకి లబన్‌లో కాస్త ఉప్పు వేసుకుంటే మన మజ్జిగే. బీపీ, షుగర్, కిడ్నీ మందులు వాడేవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగండి.
- రూంలో ఏసీ వేసుకుంటే అలవాటు పోతుందని కొందరు ఆపేస్తారు. అట్ల పోదు. చల్లగా, బాగా నిద్రపోండి.
- పక్కవాణ్ణి గమనించండి. మాట తడబడినా, తూలినా, తిక్కతిక్కగా మాట్లాడినా అది మామూలు అలసట కాదు, వడదెబ్బ. వెంటనే నీడలోకి తీసుకెళ్ళి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ, ఐస్ పెడుతూ 999 కి ఫోన్ చెయ్యండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పొయ్యొద్దు.

తమ్ముడూ, నీ ఆరేళ్ళు ఎటూ పోలేదు. ఒంటికి నాలుగైదు రోజులు టైం ఇవ్వు, చాలు. మీ క్యాంపులో ఈ నెల సెలవు నుంచి వస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు డ్యూటీ ఎక్కకముందే ఇది వాళ్ళకి పంపండి.