మీకు తెలుసా? బాణం గుర్తుకూ ఓ నంబరుంది!

ఇంటర్ లెక్కల్లో ‘అవధులు’ పాఠం గుర్తుందా? ‘ఎక్స్ → 0’ అని బోర్డు మీద రాసి, ‘ఎక్స్ సున్నాను సమీపిస్తున్నప్పుడు’ అని మాస్టారు చదివేవారు. కాగితం మీద ఒక్క గీతతో అయిపోయే ఆ బాణాన్ని కంప్యూటర్లో కొట్టాలంటే మాత్రం తికమకే. కీబోర్డు మీద నాలుగు బాణం మీటలున్నా, అవి కర్సర్‌ను జరుపుతాయే తప్ప బాణాన్ని రాయవు.

మొదట్లో కంప్యూటర్ అక్షరమాలలో బాణాలుండేవి. 1963 నాటి ఆస్కీ పట్టికలో పైకి చూసేది (↑), ఎడమకు చూసేది (←) రెండున్నాయి. మనకు కావలసిన కుడి బాణానికి చోటు దక్కలేదు. 1967 సవరణలో ఆ రెండూ పోయి, వాటి గళ్లలోకి ^, _ గుర్తులొచ్చాయి. ఆ తర్వాత పుట్టిన సీ ప్రోగ్రామింగ్ భాష హైఫన్‌నూ ‘గ్రేటర్ దేన్’ గుర్తునూ జతచేసి -> అని సరిపెట్టుకుంది.

ప్రతి అక్షరానికీ ఓ నంబరిచ్చే యూనికోడ్ వచ్చాక బాణాలకు ఏకంగా ఓ పేటే దొరికింది. అందులో 112 గళ్లు. కుడి బాణం నంబరు 2192. ఇది పదహారు అంకెల పద్ధతిలో లెక్క. మామూలు లెక్కలో 8594. ప్రమేయాల్లో వాడే తోక బాణానికి (↦), ‘అయితే’ అని చదివే జంట గీతల బాణానికి (⇒) వేరే నంబర్లున్నాయి. చూడ్డానికి ఒకేలా ఉన్నా, ఫోన్ ఎమోజీల్లోని లావు బాణం నంబరు కూడా వేరే. ఆ నంబర్లను కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో → గుర్తు మూడు బైట్లు తీసుకుంటుంది. మన ‘క’ అక్షరానికీ సరిగ్గా అంతే!

ఇక టైప్ చేయడం ఎలా అంటారా?
• వర్డ్‌లో 2192 అని కొట్టి, ఆల్ట్ నొక్కి ఉంచి ఎక్స్ నొక్కండి. అంకెలు మాయమై బాణం వస్తుంది. ముందు మాటకు అంటకుండా ఖాళీ వదలడం మేలు.
• విండోస్‌లో నమ్‌లాక్ వేసి, ఆల్ట్ పట్టుకుని కుడివైపు అంకెల మీటలతో 26 కొట్టండి. ఇది 1981లో వచ్చిన ఐబీఎం పీసీ అక్షరాల పట్టిక మిగిల్చిన ఆస్తి.
• లినక్స్‌లో చాలాచోట్ల కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కి, 2192 కొట్టి ఎంటర్ చేస్తే చాలు.
• గణిత వ్యాసాలు రాసే లేటెక్‌లో ‘టు’ అన్న ఇంగ్లిష్ మాట ముందు బ్యాక్‌స్లాష్ పెడితే సరి.

ఇందులో ఓ తిరకాసుంది. వర్డ్‌లో రెండు హైఫన్లు, ఓ ‘గ్రేటర్ దేన్’ వరసగా కొడితే దానంతటదే బాణమైపోతుంది. చాలాసార్లు అది వేషం మాత్రమే! లోపలున్నది వింగ్‌డింగ్స్ ఫాంటు తొడుక్కున్న మరో అక్షరం. సాదా ఈమెయిల్లోకి వెళ్లగానే వేషం ఊడి, నెత్తిన గీతతో ఇంగ్లిష్ ‘ఎ’ బయటపడుతుంది. నవ్వు బొమ్మ పెట్టిన చోట ‘జె’ అక్షరం కనబడటం వెనకా ఇదే కథ. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గీతలుగా మారేదీ ఇందుకే. ఫాంటు చూపేది ముఖం, నంబరు చెప్పేది పేరు.

మీ ఫైల్లోని బాణం అసలుదో కాదో తేల్చుకోవాలా? వర్డ్‌లో దానికి కుడి పక్కనే కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కండి. 2192 అని కనబడితే అది అసలు బాణమే. మళ్లీ అవే మీటలు నొక్కితే అంకెలు బాణమైపోతాయి.