ఫిజీ ద్వీపములు

ప్రపంచపటమును గోడపై వ్రేలాడదీసి చూచితిమేని ఆస్ట్రేలియాకు తూర్పుగా, న్యూజిలాండునకు ఉత్తరముగా, నీలిరంగు నడుమ ఆవగింజలు చల్లినట్లు కొన్ని చుక్కలు కనబడును. అవియే ఫిజీ ద్వీపములు. చూచుటకు చుక్కలే గాని, ఆ దేశమున రెడ్డి, నాయుడు అను పేర్లు గల కుటుంబములు నేటికిని గలవు. వారి పూర్వులు గోదావరి, కృష్ణా, విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాటు మొదలగు జిల్లాలనుండి ఓడలెక్కి పోయినవారు. కావున పసిఫిక్ మహాసముద్రమందలి చిన్న దేశములలో దీనిని గూర్చి తెలుగు విద్యార్థులు ప్రత్యేకముగా తెలిసికొనదగును.

ఫిజీలో 330కి పైగా ద్వీపములు గలవు. వానిలో సుమారు 110 దీవులందు మాత్రమే జనులు నివసింతురు. దేశమంతటి భూభాగము 18,000 చదరపు కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ. అందు విటి లెవు, వనువా లెవు అను రెండు దీవులే అధికభాగమును ఆక్రమించినవి. విటి లెవు అనగా ‘గొప్ప ఫిజీ’ యని అర్థము. ఆ గొప్ప ఫిజీ కూడ మన అవిభక్త కరీంనగరు జిల్లాకంటె కొంచెము చిన్నదే! రాజధానియగు సువా నగరము దాని ఆగ్నేయ తీరమున నున్నది. పెద్ద దీవులు అగ్నిపర్వతములవలన ఏర్పడినవి. దేశమందెల్ల ఎత్తైన టోమనివి శిఖరము 1,324 మీటర్ల యెత్తు గలది. చిన్న దీవులలో అనేకము పగడపు దిబ్బలు.

ఆగ్నేయమునుండి వీచు గాలులు సముద్రపు నీటియావిరిని మోసికొని వచ్చి కొండలనెక్కి, చల్లబడి, తూర్పువైపున కుంభవృష్టి కురియును. కొండ దాటి దిగునప్పటికి ఆ గాలి పొడిబారిపోవును. పడమటి కనుమలకు ఆవల మంగళూరు తడిసి ముద్దయగుచుండగా, ఈవలి ప్రాంతము వానకై యెదురు చూచుట మీరెరిగినదే. ఫిజీలోను అట్లే. వానలు తక్కువయై, యెండ బాగుగా కాయు పడమటి తీరమున నంది, లౌటోకా, బా అను పట్టణముల చుట్టును చెరకు పండును. ఈ చెరకే మన వారిని అచటికి రప్పించినది.

కాలగణనమున నొక వింత. 180 డిగ్రీల రేఖాంశము ఫిజీలోని టవెయుని దీవిమీదుగా పోవుచున్నది. దినరేఖను ఆ రేఖాంశముమీదనే గీచియుండినచో ఒకే యూరిలో ఒక వీథియందు సోమవారము, మరియొక వీథియందు ఆదివారము అయ్యెడిది! అందుచేత దినరేఖను తూర్పునకు వంచి, దేశమంతటికిని ఒకే తేదీ యుండునట్లు చేసిరి. ఫిజీ గడియారము మన గడియారముకంటె ఆరున్నర గంటలు ముందు నడచును. మన పాఠశాలలో ఉదయము 9 గంటలకు ప్రార్థన జరుగునప్పటికి సువాలో మధ్యాహ్నము మూడున్నర.

ఈ దీవులకు మూలవాసులు ఇటౌకీలు. వారి పూర్వులు సుమారు 3,000 సంవత్సరముల క్రిందటనే పడవలపై వచ్చి యిచట స్థిరపడిరి. భూమి ఏ యొక్కని సొత్తును కాదు. ‘మతంగాలి’ అను వంశసమూహముల ఉమ్మడి సొత్తు. 1874 అక్టోబరు 10వ తేదీన దకొంబౌ మొదలగు నాయకులు దీవులను బ్రిటిషు రాణికి అప్పగించిరి. మరుసటి యేడే పొంగువ్యాధి వ్యాపించి సుమారు 40,000 మంది మరణించిరని అంచనా. అప్పటి గవర్నరు ఆర్థరు గార్డను, క్షీణించుచున్న ఆ జాతిని కాపాడనెంచి, వారి భూములను అన్యులకు అమ్మరాదనియు, వారిని తోటపనికి లాగరాదనియు కట్టడి చేసెను. అయినను ప్రభుత్వము నడచుటకు ధనము కావలెను. ధనము రావలెనన్న తోటలు సాగవలెను. తోటలకు కూలీలు కావలెను. గార్డను మున్ను మారిషసు, ట్రినిడాడులందు పనిచేసినవాడగుటచే భారతీయ కూలీల సంగతి యెరుగును. ఒక జాతిని రక్షించుటకై మరియొక జాతిని తెచ్చి చాకిరి చేయించుట మేలో కీడో ఒక్క మాటలో తేల్చుట కష్టము.

1879 మే 14న ‘లియోనిడాస్’ అను ఓడ 463 మంది భారతీయులతో, అప్పటి రాజధానియైన లెవుకా రేవును చేరెను. మొదట వచ్చినవారందరు కలకత్తా రేవునుండి పోయిన ఉత్తరదేశీయులు. 1903లో మద్రాసునుండి ఓడలు బయలుదేరుట మొదలయ్యెను. లౌటోకాలో గొప్ప చక్కెర కర్మాగారము పని ప్రారంభించినదియు ఆ సంవత్సరముననే. 1916 వరకు మొత్తము 60,000 మందికి పైగా పోగా, వారిలో ఇంచుమించు నాల్గవవంతు దక్షిణాదివారు. తెలుగువారు, తమిళులు, మలయాళీలు.

వీరు పోయినది అయిదేండ్ల ఒడంబడికపై. ‘ఎగ్రిమెంటు’ అను ఇంగ్లీషు మాట వారి నోట ‘గిర్మిట్’ అయ్యెను. దానిపై వ్రేలిముద్ర వేసినవాడు గిర్మిటియా. అప్పగించిన పని ముగించిన మగవానికి దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు అని కాగితముపై నుండెను. షిల్లింగు అనిన ఆనాటి లెక్కను పండ్రెండణాలు. మన పల్లెలలో కూలి కొద్ది అణాలేయైన ఆ దినములలో పండ్రెండణాల మాట వినినవాడు ఓడ యెక్కకుండునా? కాని యచట సరుకుల వెలలును హెచ్చే. పని ముగియనిచో కూలి లేదు. పనికి పోనిచో అది నేరము, జరిమానా, చెరసాల. నివాసమునకు ‘లైన్లు’ అనబడు వరుస కొట్టములు. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు గల ఒక్క గదిలో ముగ్గురు ఒంటరి పురుషులు గాని, ఒక సంసారము గాని యుండవలెను. అయిదేండ్ల పిమ్మట స్వంత ఖర్చుపై తిరిగి పోవచ్చును. పదియేండ్లు గడచినగాని దారిఖర్చు నిచ్చెడివారు కారు.

మన బొగ్గుగనుల ప్రాంతమున ‘సర్దారు’ అనిన ఎవరో చిన్నపిల్లలును చెప్పగలరు. ఆ మాటయే ఫిజీ తోటలందును వినబడెడిది. కూలీలపై నుండు భారతీయ మేస్త్రీని సర్దారనిరి. వానిపై నుండు తెల్ల అధికారి తెల్లవారకముందే వచ్చి కూలీల నంబర్లను పిలిచెడివాడు. ‘కాల్ నంబర్’ అను ఆ పిలుపునుబట్టి జనులు వానికి ‘కులంబర్’ అని పేరిడిరి. పేరుతో గాక అంకెతో పిలువబడిన మనుష్యుల బాధ ఈ మాటలో నేటికిని మిగిలియున్నది.

ఈ పద్ధతిపై మన దేశమున ఆందోళనము చెలరేగెను. 1915లో సి. ఎఫ్. ఆండ్రూసు, పియర్సను అనువారు ఫిజీకి పోయి లైన్లను స్వయముగా చూచి, నివేదిక ప్రకటించిరి. 1916తో ఓడలు నిలిచిపోయినవి. 1920 జనవరి 1న మిగిలిన ఒడంబడికలన్నియు రద్దయ్యెను. పలువురు తిరిగి రాలేదు. కొందరికి దారిఖర్చు లేదు. కొందరు వేరు కులమువారిని, వేరు భాషవారిని పెండ్లాడి యుండిరి. అచటనే కౌలుకు నేల తీసికొని చెరకు వేసిరి.

తోటలందు అవధీ, భోజపురీ మాటలు కలసి ఫిజీహిందీ యను క్రొత్త భాష పుట్టెను. తెలుగువారును బయట దానినే మాటాడవలసివచ్చెను. ఇంట తెలుగు నిలువవలెనని 1926లో నందిలో స్థాపింపబడిన దక్షిణాది సంగమమును, 1941లో ప్రత్యేకముగా వెలసిన దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును పాఠశాలలు నడపినవి. నేటి యువకులు పలువురు ఫిజీహిందీలోను ఇంగ్లీషులోను మాటాడుదురు. తెలుగు వృద్ధుల నోటను, పూజల పాటలందును ఎక్కువగా వినబడును. దక్షిణాది భక్తులు అమ్మవారి ఉత్సవములలో నిప్పులగుండము త్రొక్కుదురు. చిత్రమేమనగా, మ్బెంగా దీవి ఇటౌకీలును కాల్చిన రాళ్లపై నడచుట తరతరములుగా నెరుగుదురు. ఒకరినుండి ఒకరు నేర్చినదికాదు!

ఆర్థికస్థితి కొంత మారినది. ఒకప్పుడు చక్కెరయే దేశమునకు ప్రాణము. నేడు విహారయాత్రికులవలన వచ్చు ఆదాయము ముందున్నది. విదేశములందున్న ఫిజీవారు పంపు ధనము, సీసాలలో నింపిన త్రాగునీరు, చేపలు, వటుకౌలా గనినుండి తీయు బంగారము దానికి తోడు. చేమ, కర్రపెండలము, కొబ్బరి ఇంటి ఆహారము. 2016లో రియో ఒలింపిక్సున ఏడుగురు ఆడు రగ్బీలో ఫిజీ స్వర్ణపతకము గెలువగా, ప్రభుత్వము ఏడు డాలర్ల నోటునే అచ్చువేయించినది. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే విన్‌స్టన్ అను తుపాను 44 మందిని బలిగొనినది. సముద్రమట్టము పెరుగుటచే వనువా లెవులోని వునిడొగొలొవా గ్రామమును 2014లో లోపలి భాగమునకు తరలించిరి.

అన్నిటికంటె జటిలమైనది భూసమస్య. నూటికి 85 పాళ్లకు పైగా నేల నేటికిని ఇటౌకీ వంశముల సొత్తే. దానిని అమ్మరాదు, కౌలుకీయవచ్చును. 1976 చట్టప్రకారము వ్రాసిన ముప్పదియేండ్ల కౌళ్లు, వానికి ముందరి కౌళ్లు, 1997 మొదలు ఒక్కటొక్కటిగా ముగియసాగెను. తాత కొట్టిన అడవి, తండ్రి నాటిన చెరకు, తాము కట్టుకొనిన ఇల్లు విడిచి అనేకులు పట్టణములకు పోవలసివచ్చెను. వారి దుఃఖము నిజమే. తమ నేల తమ చేతి కందవలెనను ఇటౌకీల కోరికయు అన్యాయము కాదు.

ఈ వైమనస్యము రాజ్యాంగమును పలుమారులు కుదిపినది. 1970 అక్టోబరు 10న ఫిజీ స్వతంత్రమయ్యెను. 1987 మే 14న, లియోనిడాస్ వచ్చిన తేదీనాడే, భారతీయుల పలుకుబడి హెచ్చిన ప్రభుత్వమును సైన్యాధికారియగు సిటివేని రబుకా కూలద్రోసెను. 2000లోను 2006లోను మరల తిరుగుబాట్లు జరిగినవి. భారతీయులు వేలకొలది వలసపోయిరి. ఈ నడుమ ప్రతిపక్షనాయకుడగు జయరామ్ రెడ్డి 1997లో ఇటౌకీ నాయకుల మహాసభలో ప్రసంగించెను. ఆ సభలో మాటాడిన మొదటి భారతీయుడాతడే. అప్పటి ప్రధాని రబుకాతోనే కలసి ఆతడు క్రొత్త రాజ్యాంగమునకు పాటుపడెను. పిమ్మట రువాండా మారణకాండను విచారించు అంతర్జాతీయ న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండి, 2022లో మరణించెను.

2013 రాజ్యాంగము పౌరులందరికిని ‘ఫిజీయన్’ అను ఒకే పేరు నిచ్చినది. 2022 ఎన్నికలలో దేశమంతయు ఒకే నియోజకవర్గముగా 55 మంది సభ్యులు ఎన్నుకొనబడిరి. ఆ యెన్నికల పిదప రబుకా మరల ప్రధాని అయ్యెను. 2023 మే 14న జరిగిన ప్రార్థనసమావేశమున ఆతడు 1987నాటి తన చర్యకు భారతసంతతివారిని క్షమాపణ కోరెను. ఆ మరునాడు, గిర్మిటియాల జ్ఞాపకార్థము దేశమున మొదటిసారిగా సెలవుదినము పాటింపబడెను.