వాకిట్లో కాపురముండే తెరచాప పడవ



గోపాలపూర్ ఒడ్డున గాని, పూరీలో గాని మన తెలుగు జాలరుల తెప్పలను మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. వేట నుంచి రాగానే తాళ్ళు విప్పి, దుంగలు విడదీసి, ఇసుకలో ఆరబెట్టేవారు. మళ్ళీ వేటకు వెళ్ళేటప్పుడు కట్టుకునేవారు. నీళ్ళలో నానితే కొయ్య బరువెక్కుతుంది గదా! ఆ తెప్ప పని చేసేది సముద్రంలో, కాపురం మాత్రం ఒడ్డు మీద.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చిన పెద్దలు కూడా ఇలాంటి మాటే చెబుతుంటారు. పక్కింటి వాకిట్లో, కారు పక్కన, చక్రాల ట్రెయిలర్ మీద ఒక తెరచాప పడవ నిలబెట్టి ఉంటుందట. దాన్ని కారు వెనక తగిలించుకొని సరస్సుకో సముద్రానికో తీసుకుపోతారు, నాలుగు రోజులు అందులోనే వండుకు తిని, పడుకొని, తిరిగి వస్తారు. ఈనాటి ప్రసంగం ఆ పడవ గురించి. ముఖ్యంగా, పాతది కొనుక్కున్నవాడు ముందు దేనిమీద డబ్బు పెట్టాలన్న దాని గురించి.

ఈ రకంలో బాగా పేరుపడినది కాటలినా 22. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ బట్లర్ అనే ఆయన 1969లో మొదలుపెట్టిన పడవ ఇది. 15 వేలకు పైగా తయారయ్యాయి. అందుకే పాతవి సులభంగా దొరుకుతాయి. పొడవు ఇరవైఒకటిన్నర అడుగులు, వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు, బరువు టన్నుకు కాస్త పైన. లోపల పడుకోవడానికి చోటుంటుంది గాని, నిటారుగా నిలబడడానికి ఉండదు. నీళ్ళలో దీని వేగం గంటకు 10, 11 కిలోమీటర్లకు మించదు. ఎదురుగాలి అయితే వంకరటింకరగా పోవాలి, ఇంకా ఆలస్యం. రోడ్డు మీద మాత్రం ఎంత ఎదురుగాలికైనా 90 కిలోమీటర్లు పోతుందని దాని యజమానులు నవ్వుతూ చెప్పుకుంటారు.

పాత పడవ కొన్నవాళ్ళలో చాలామంది ముందుగా పరుపులు మారుస్తారు, రంగు వేస్తారు, స్టవ్ అమరుస్తారు. కంటికి కనిపించేవి అవే కాబట్టి. ప్రాణం ఆధారపడేది కనిపించని వాటి మీద.

పడవ అడుగున కీల్ అనే రెక్క ఉంటుంది. గాలి తెరచాపను పక్కకు నెట్టినప్పుడు పడవ ఒరిగిపోకుండా కాచేది ఆ బరువే. కాటలినా 22లో ఎక్కువ వాటికి ఇది సుమారు 250 కిలోల పోత ఇనుము. దించితే నీటిలో 5 అడుగుల లోతుకు పోతుంది, ఎత్తితే 2 అడుగులే. ఎత్తగలిగితేనే పడవ ట్రెయిలర్ ఎక్కుతుంది. ఇంత బరువూ ముందువైపు ఒక్క ఇరుసు మీద తిరుగుతుంది. వెనకవైపు ఒక స్టీలు తీగ పట్టుకొని ఉంటుంది. ఆ తీగ ఒక రబ్బరు గొట్టం గుండా లోపలికి వచ్చి, చేతితో తిప్పే వించికి చుట్టుకుంటుంది. తీగ తుప్పుపట్టి తెగిందనుకోండి, 250 కిలోలు ఒక్కసారిగా కిందకు ఊగి పడవ అడుగును గుద్దుతుంది. గొట్టం చీలితే నీరు లోపలికి వస్తుంది. ఇరుసు అరిగితే, అలలు ఊపినప్పుడల్లా కింద టకటకమని చప్పుడవుతుంది. పడవ బాగా వేగం అందుకున్నప్పుడు తీగ జుమ్మని మోగుతుంది. దానికి భయపడనక్కర్లేదు, కొత్తవాళ్ళు దానికే భయపడతారు.

చిక్కు ఏమిటంటే, ట్రెయిలర్ మీద ఉండగా ఇవి సరిగా చూడడానికి వీలుండదు, రెక్క దాని మీదే ఆనుకొని ఉంటుంది. పడవను పైకెత్తించి చూడవలసిందే. ఖర్చే. అయినా తీగ, గొట్టం, ఇరుసు, ఈ మూడూ చూసుకున్నాకే పరుపుల మాట.

తరువాత, తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగలు. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు రాదని మనం అనుకుంటాం. ఉప్పునీరు తగిలేచోట, గాలి ఆడని బిగింపుల సందుల్లో దానికీ వస్తుంది. ఒక గుడ్డపేలిక తీసుకొని తీగ పొడుగునా రాయాలి. దారం ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ ఒక పోగు తెగినట్టే. ఆ తీగను ఇక నమ్మకూడదు.

ట్రెయిలర్ సంగతి కూడా మరిచిపోతారు. దూరం నుంచి వచ్చేసరికి చక్రాల బేరింగులు వేడెక్కి ఉంటాయి. అలాగే చల్లని నీళ్ళలోకి దించితే లోపలి గాలి ఒక్కసారి కుంచించుకొని నీటిని పీల్చుకుంటుంది, గ్రీజు పాడవుతుంది. అరగంట ఆగి దించితే సరిపోతుంది.

సౌకర్యాలు వద్దని కాదు. లంగరు వేసి పడుకుంటే రాత్రంతా దీపం వెలగాలి. పాత 10 వాట్ల బల్బు 12 వోల్టుల బ్యాటరీ నుంచి గంటకు దాదాపు 0.8 ఆంపియర్ అవర్లు తాగుతుంది, పది గంటలకు 8. ఎల్‌ఇడి దీపానికి అందులో ఐదో వంతు చాలు. అప్పుడు చిన్న సౌరఫలకంతో బండి నడుస్తుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలు కూడా వేసే లెక్కే ఇది.

ఇక స్తంభం. సుమారు 25 అడుగుల అల్యూమినియం గొట్టం. ప్రతి ప్రయాణంలోనూ దించాలి, ఎత్తాలి. పొట్టి కర్రను మీటగా కట్టి వించి తాడుతో లాగితే ఒక్కరే నిలబెట్టవచ్చు. అయితే ఎత్తేముందు తల పైకెత్తి చూడాలి. అల్యూమినియం మంచి విద్యుద్వాహకం, స్తంభాన్ని నిలబెట్టే తీగలూ అంతే. పైన కరెంటు తీగ ఉండి స్తంభం దానికి తగిలితే, పట్టుకున్నవాళ్ళు బతకరు. ఇలా పోయినవాళ్ళు ఉన్నారు, అదీ నీళ్ళలో దిగకముందే, రేవు గట్టు మీద. అంచేత స్తంభం ఎత్తాక కూడా, అక్కణ్ణించి నీటి అంచుదాకా ఉన్న దారిని ముందు నడిచి చూసి వచ్చి, ఆ తరువాతే కారు కదిలిస్తారు.