డీ అండ్ డీ స్కిల్స్ వెనక లెక్క: ఒక +1 విలువ ఎంత?

బాల్డర్స్ గేట్ 3 ఆడినవాళ్లకి ఇది బాగా తెలుసు. తాళం వేసిన పెట్టె మీద క్లిక్ చేస్తే స్క్రీన్ మీద 20 ముఖాల డైస్ దొర్లుతుంది. దానికి మీ స్కిల్ బోనస్ కలుస్తుంది. టార్గెట్ నంబర్ అందుకుంటే పెట్టె తెరుచుకుంటుంది. ఈ రూల్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్ నుంచి వచ్చింది. పీసీలో ఫెయిలైతే క్విక్‌లోడ్ కొట్టేస్తాం, అయిపోతుంది. టేబుల్ దగ్గర ఆ బటన్ లేదు. ఆదివారం నలుగురు ఫ్రెండ్స్ నాలుగు గంటలు కూర్చున్నప్పుడు, ఒకడి క్యారెక్టర్‌కి పనేమీ లేక వాడు ఫోన్ స్క్రోల్ చేసుకుంటూ ఉంటే, వచ్చేవారం వాడు రాడు. ఆ తర్వాతి వారం గేమే ఉండదు. నా దృష్టిలో స్కిల్ బ్యాలెన్స్ అంటే ఈ సమస్యే. ఎవడు ఎంత డ్యామేజ్ కొడతాడన్నది తర్వాతి మాట.

ముందు బేసిక్ లెక్క. 20 ముఖాల డైస్‌లో ప్రతి ముఖం పడే ఛాన్స్ 5 శాతం. అంటే ఒక +1 బోనస్ మీ గెలుపు ఛాన్స్‌ని 5 శాతం పెంచుతుంది. చిన్నదే అనిపిస్తుంది, కానీ ఇవి పోగవుతాయి.

ఎలా పోగవుతాయో 2000లో వచ్చిన 3వ ఎడిషన్ చూస్తే అర్థమవుతుంది. అందులో లెవెల్ పెరిగినప్పుడల్లా స్కిల్ పాయింట్లు ఇస్తారు. ఒక స్కిల్‌లో గరిష్ఠంగా లెవెల్ ప్లస్ 3 ర్యాంకులు పెట్టొచ్చు. 10వ లెవెల్ దొంగ తాళాలు తీయడంలో 13 ర్యాంకులు పెట్టి, చేతివాటానికి ఇంకో +4 కలిపితే మొత్తం +17. పక్కనున్న ఫైటర్‌కి +0. ఇప్పుడు గేమ్ నడిపే డంజియన్ మాస్టర్ టార్గెట్ ఎంత పెట్టాలి? 15 పెడితే దొంగ డైస్ వేయక్కర్లేదు, 1 పడినా 18 అవుతుంది. 25 పెడితే దొంగకి 65 శాతం ఛాన్స్ ఉంటుంది, ఫైటర్‌కి మాత్రం 20 పడినా చాలదు. ఇద్దరికీ టెన్షన్ కలిగించే నంబర్ అసలు లేనే లేదు. పైగా పాయింట్ల పంపకం చూడండి: దొంగకి లెవెల్‌కి 8, ఫైటర్‌కి 2, వాటికి ఇంటెలిజెన్స్ బోనస్ అదనం. కత్తి దూసే సీన్ లేని రోజు ఫైటర్ ఆడేవాడి పరిస్థితి ఊహించుకోండి.

2014లో వచ్చిన 5వ ఎడిషన్ దీన్ని మొరటుగా సరిచేసింది, కానీ బాగా పనిచేసింది. పాయింట్లు తీసేశారు. స్కిల్ వచ్చు లేదా రాదు, అంతే. వస్తే 1వ లెవెల్‌లో +2, చివరి లెవెల్‌లో +6. ఎబిలిటీ స్కోరు మామూలుగా 20 దగ్గర ఆగుతుంది కాబట్టి దాని నుంచి +5 మించదు. అదే 10వ లెవెల్ పోలిక ఇక్కడ వేస్తే స్పెషలిస్టుకి +9, రానివాడికి +0. టార్గెట్ 15 అయితే ఒకరికి 75 శాతం, ఇంకొకరికి 30 శాతం. తేడా స్పష్టంగా ఉంది, అయినా రెండోవాడు ప్రయత్నించడంలో అర్థముంది. దీన్నే బౌండెడ్ అక్యురసీ అంటారు. కోడ్ రాసేవాళ్లకి చెప్పాలంటే, వాల్యూకి క్లాంప్ పెట్టినట్టు.

అయితే వాళ్లు పెట్టిన ఆ మూతకి వాళ్లే చిల్లు పెట్టారు. దొంగలకి ఇచ్చే ఎక్స్‌పర్టీజ్ ఆ బోనస్‌ని డబుల్ చేస్తుంది. 2014 రూల్స్‌లో 11వ లెవెల్‌కి రిలయబుల్ టాలెంట్ వస్తుంది. వచ్చిన స్కిల్స్‌లో డైస్ మీద 9 లేదా తక్కువ పడితే 10గా లెక్క. +13 ఉన్న దొంగకి కనీసం 23 ఖాయం. టార్గెట్ 20 అంటే పుస్తకం ప్రకారం "కష్టం". అతనికి అది కష్టం కాదు, నడక. నాకు దీంతో పెద్ద పేచీ లేదు. ఒక్క పనిలో ఒక్కడు మహారాజు అవ్వడం సరదానే. కాకపోతే తాళాలే ఎదురవ్వని కథలో అది వేస్ట్.

బోనస్ సైజు ఒక్కటే చూస్తే చాలదు, ఏ స్కిల్ ఎన్నిసార్లు పనికొస్తుందో కూడా చూడాలి. 5వ ఎడిషన్‌లో 18 స్కిల్స్ ఉన్నాయి. వాటిలో విజ్‌డమ్ కింద అయిదు, స్ట్రెంత్ కింద ఒక్కటే. పర్సెప్షన్, అంటే పొంచి ఉన్నది పసిగట్టడం, దాదాపు ప్రతి గదిలో అడుగుతారు. యానిమల్ హ్యాండ్లింగ్ నెలకోసారి వస్తే గొప్ప. రెండిటి ధర మాత్రం ఒకటే. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ 2వ ఎడిషన్ పర్సెప్షన్‌ని స్కిల్స్ లిస్ట్ నుంచే తీసేసి అందరికీ ఇచ్చేసింది. అందరూ కొనే తీరాల్సినది ఛాయిస్ కాదు కదా. నాకు నచ్చిన డిజైన్ నిర్ణయాల్లో ఇదొకటి.

అలాగే 3వ ఎడిషన్‌లో దాక్కోవడం ఒక స్కిల్, చప్పుడు చేయకుండా నడవడం ఇంకో స్కిల్. రెండిట్లోనూ 60 శాతం ఉన్నా, రెండూ పాసవ్వాలంటే 36 శాతమే. స్కిల్స్‌ని ముక్కలు చేస్తే రియలిజం వస్తుందనుకుంటాం, నిజానికి వచ్చేది ఫెయిల్యూర్. తర్వాతి ఎడిషన్లలో రెండిటినీ స్టెల్త్‌గా కలిపేశారు.

డైస్ మార్చినా బ్యాలెన్స్ మారుతుంది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం కదా. గవ్వ రెండువైపులా సమానంగా పడుతుందనుకుంటే, రెండు పడే ఛాన్స్ 16లో 6, చెమ్మా గానీ అష్టా గానీ 16లో 1. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. 1986లో వచ్చిన గర్ప్స్ మూడు ఆరు ముఖాల డైస్ వాడేది ఇందుకే. అక్కడ స్కిల్ 10 నుంచి 11కి పెంచితే ఛాన్స్ 50 నుంచి 62.5 శాతానికి ఎగురుతుంది. 15 నుంచి 16కి పెంచితే 3 శాతం కూడా రాదు. పైకి వెళ్లేకొద్దీ లాభం తానే తగ్గిపోతుంది.

ఇక అందరూ మర్చిపోయే శత్రువు మ్యాజిక్. దొంగ ఏళ్లకేళ్లు నేర్చిన విద్యని మంత్రగాడు నాక్ అనే ఒక్క స్పెల్‌తో చేసేస్తే ఇంకేం బ్యాలెన్స్? 5వ ఎడిషన్ దీనికి చక్కటి బ్రేక్ వేసింది: డైస్ అవసరం లేకుండా తాళం తెరుచుకుంటుంది, కానీ 300 అడుగుల దూరం వినిపించే చప్పుడు వస్తుంది. బోనస్‌లు తగ్గించకుండా, ఖర్చు మార్చి సరిచేశారు. దొంగ ఉద్యోగం నిలబడింది.

నా ఫేవరెట్ మాత్రం పాతది, 1978 నాటి రూన్‌క్వెస్ట్. అందులో లెవెల్స్ లేవు, స్కిల్స్ శాతాల్లో ఉంటాయి. ఒక స్కిల్ వాడి గెలిస్తే దాని పక్కన టిక్ పెడతారు. తర్వాత ఆ స్కిల్ పెరగాలంటే డైస్ మీద ఇప్పుడున్న శాతం కంటే ఎక్కువ పడాలి. 30 శాతం ఉన్నవాడికి పెరిగే ఛాన్స్ సుమారు 70, అదే 80 ఉన్నవాడికి 20. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ లూప్ రూల్‌లోనే ఉంది, విడిగా క్యాప్ పెట్టే పని లేదు. లోపం ఏంటంటే, టిక్ కోసం ప్లేయర్లు ఫైట్ మధ్యలో కత్తి పడేసి గొడ్డలి, గొడ్డలి పడేసి ఈటె పట్టుకుంటారు. సిస్టమ్ దేనికి మార్కులిస్తే మనం అదే చేస్తాం మరి.

ఇదే టిక్ పద్ధతిని 1981లో కాల్ ఆఫ్ తులూ తీసుకుంది. అయితే తులూ మిథోస్ అనే ఒక్క స్కిల్‌కి మాత్రం టిక్ లేదు. నిషిద్ధ గ్రంథాలు చదివితేనో, భయంకరమైనవి చూస్తేనో అది పెరుగుతుంది. అది ఎంత పెరిగితే మీ క్యారెక్టర్ మతిస్థిమితం గరిష్ఠ పరిమితి 99 నుంచి అంత తగ్గుతుంది. 40 సంపాదించారంటే ఇక 59కి పైన ఎప్పటికీ ఉండలేరు. అయినా టేబుల్ దగ్గర ఎవరో ఒకరు ఆ పుస్తకం తెరవకుండా ఉండరు.