హాజరు లెక్క తప్పితే గార్డుకు బీమా దక్కదు
సెక్యూరిటీ ఏజెన్సీల సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరు ఇదీ

అపార్ట్‌మెంట్లు, బ్యాంకులు, ఆసుపత్రులు, గోదాములు.. ఎక్కడ చూసినా ప్రైవేటు సెక్యూరిటీ గార్డులే కాపలా కాస్తున్నారు. ఒకే ఏజెన్సీకి చెందిన గార్డులు పలు చోట్ల, రెండు మూడు షిఫ్టులలో విధులు నిర్వర్తిస్తుంటారు. ఎవరు ఎక్కడ ఉన్నారు, రాని వారి స్థానంలో ఎవరు వచ్చారు, ఎన్ని గంటలు పనిచేశారు అనే లెక్క తప్పితే జీతం, భవిష్య నిధి, వైద్య బీమా మూడింటిలోనూ గార్డు నష్టపోవలసి వస్తుంది. ఈ లెక్కను ఒక్క చోటికి చేర్చేందుకే ఏజెన్సీలు ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌ను వినియోగిస్తున్నాయి.

చట్టం ఏం చెబుతోంది?

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టాన్ని 2005లో పార్లమెంటు ఆమోదించగా, 2006 మార్చి 14 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం లైసెన్సు లేనిదే ఏజెన్సీ నడపరాదు. 18 ఏళ్లు నిండి 65 ఏళ్లు దాటని వారినే, పూర్వ చరిత్ర విచారణ జరిపించి, నిర్దేశిత శిక్షణ ఇప్పించి నియమించుకోవాలి. 2006 కేంద్ర నమూనా నియమావళి ఈ శిక్షణను 160 గంటలుగా పేర్కొంది. గార్డుల పేర్లు, చిరునామాలు, ఫొటోలు, జీతాలు, వారిని ఎవరి వద్దకు పంపారనే వివరాలతో ఏజెన్సీ రిజిస్టరు నిర్వహించడం తప్పనిసరి. సాఫ్ట్‌వేర్‌లో మొదట నమోదయ్యేవి ఈ వివరాలే.

గేటు నుంచి జీతాల పట్టీ దాకా

డ్యూటీ చార్టును ముందుగా కంప్యూటర్‌లో తయారు చేస్తారు. గార్డు విధుల్లో చేరగానే సెల్‌ఫోన్‌లో ఫొటో లేదా వేలిముద్రతో హాజరు వేయించుకోవాలి. ఫోను ఉన్న ప్రదేశం, సమయం దానితోపాటే నమోదవుతాయి. ఎవరైనా రాకపోతే వెంటనే కార్యాలయానికి తెలిసి, బదులు గార్డును పంపే వీలుంటుంది. రాత్రి గస్తీలో గోడలపై అతికించిన కోడ్‌లను ఫోనుతో స్కాన్ చేస్తే, ఏ మూలకు ఎప్పుడు వెళ్లారో తెలిసిపోతుంది. నెలాఖరున ఇదే హాజరు ఆధారంగా ఖాతాదారుకు బిల్లు, గార్డుకు జీతాల పట్టీ సిద్ధమవుతాయి. రెండింటికీ మూలం ఒక్కటే అయినప్పుడు, బిల్లులో 30 రోజులు వసూలు చేసి గార్డుకు 20 రోజులే చూపడం అంత సులువు కాదు.

బీమాకు 78 రోజులు

రోజుల లెక్క ఎంత ముఖ్యమో ఈఎస్‌ఐ నిబంధనే చెబుతుంది. అనారోగ్యంతో సెలవు పెట్టినప్పుడు వేతనంలో 70 శాతం భృతిగా పొందాలంటే, 6 నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా చెల్లించి ఉండాలి. నెలకు 26 రోజులు పనిచేసిన గార్డుకు కాగితాల్లో 12 రోజులే చూపితే 6 నెలలకు 72 రోజులే అవుతాయి. ఆరు రోజుల తేడాతో భృతి చేజారిపోతుంది. చందా విషయానికొస్తే, రూ.10,000 వేతనంపై గార్డు వాటా 0.75 శాతం అంటే రూ.75, యజమాని వాటా 3.25 శాతం అంటే రూ.325.

అదనపు గంటల సంగతి కూడా ఇంతే. సాధారణ పని 8 గంటలైతే, 12 గంటల డ్యూటీలో మిగిలిన 4 గంటలకు రెట్టింపు రేటు ఇవ్వాలి. అంటే ఆ రోజుకు రెండు రోజుల వేతనం రావాలి. డ్యూటీ మొదలు, ముగింపు సమయాలు నమోదైతేనే ఈ హక్కుకు ఆధారం ఉంటుంది.

యంత్రం ఒక్కటే చాలదు

తప్పుడు సంఖ్య ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ కూడా తప్పుడు జీతమే చూపుతుంది. సిగ్నల్ లేని చోట హాజరు పడకపోతే, పనిచేసిన రోజు గైర్హాజరుగా మిగిలిపోయే ప్రమాదముంది. అందువల్ల హాజరును ఎవరు, ఎప్పుడు, ఎందుకు సవరించారో చెరగకుండా నమోదయ్యే ఏర్పాటు ఉండాలి. గార్డు తన హాజరును తానే ఫోనులో చూసుకునే వీలూ కల్పించాలి.

గార్డులు ప్రతి నెలా జీతం చీటీ అడిగి తీసుకోవాలి. తాము డ్యూటీ చేసిన రోజులను ఒక పుస్తకంలో రాసుకుని దానితో సరిచూసుకోవాలి. భవిష్య నిధి జమ అయిందో లేదో యూఏఎన్ నంబరుతో ఉమంగ్ యాప్‌లో తెలుసుకోవచ్చు. తేడా కనిపిస్తే ముందుగా ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. అప్పటికీ సరిచేయకపోతే వేతనం గురించి కార్మిక శాఖకు, చందాల గురించి భవిష్య నిధి, ఈఎస్‌ఐ కార్యాలయాలకు ఫిర్యాదు చేయవచ్చు.