ఇంట చేసిన క్యాస్టరు చక్రముతో జీపును కదల్చుట

మన పాఠశాల వెనుకనున్న రేకుల షెడ్డులో పాత జీపు ఒకటి నిలిచియుండుట బాలురందరు ఎరుగుదురు. దాని ముందు ఇరుసు చెడి, మరమ్మతునకై విప్పబడినది. ముందుచక్రములు లేని ఆ బండి చెక్కదిమ్మెలపై గోడకు చేరువగా పడియుండగా, షెడ్డును వేరొక పనికి ఖాళీ చేయవలసివచ్చెను. క్రేనును పిలిపింతమన్న, అది ఆ ద్వారమున పట్టదు. ఇరువదిమంది కలిసి ఎత్తి జరుపవచ్చునని కొందరు ఉత్సాహపడిరి గాని, ఇట్టి జీపు తూకము వేయి కిలోలకు పైమాట. ఒకని పట్టు జారినచో మరియొకని పాదము నలిగిపోవును. కావున ముందుభాగము క్రింద నలుదిక్కులకు తిరుగు చక్రము నొకదానిని అమర్చి, బండిని మెల్లగా నడిపించుట మేలని తోచినది. అట్టి చక్రమునే క్యాస్టరు అందురు. దానిని చేసిన విధమును, అందు నేను పడిన పొరపాట్లను ఇచట వ్రాయుచున్నాను.

క్యాస్టరు మనకు క్రొత్తది కాదు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో గాని మరి యే ఆసుపత్రిలో గాని రోగిని తీసికొనిపోవు బండిని చూచినవారు దాని చిన్నచక్రములు తోసినవైపునకు తామే తిరుగుట గమనించియుందురు. ఇంటి సామానులకు అమర్చు క్యాస్టరునకు 1876లో వాషింగ్టను నగరమందలి డేవిడ్ ఫిషరు అమెరికాలో పేటెంటు పొందెను. ఐనను, చక్రము తనంతట తానే ఎట్లు తిరుగునని అడిగినచో పెద్ద తరగతుల విద్యార్థులలోను పలువురు మౌనము వహించిరి.

సంగతి ఇది. చక్రమును పట్టియుంచు పంగ పైన ఒక నిలువు కడ్డీ యుండును. పంగ దానిచుట్టు తిరుగును. ఆ కడ్డీని నేలవరకు పొడిగించినట్లు భావింపుడు. అది నేలను తాకుచోటు ఒకటి, చక్రము నేలను తాకుచోటు మరియొకటి. ఈ రెండవది మొదటిదానికి వెనుకగా నుండవలెను. ఈ దూరమును వెనుకయెడ మందము. బండి కదలినప్పుడు కడ్డీ ముందు పోవును, చక్రము దాని వెంట త్రాటికి కట్టిన దూడవలె పోవును. కడ్డీ ప్రక్కకు మళ్లినచో, నేలయొక్క రాపిడియే చక్రమును త్రిప్పి మరల వెనుకకు తెచ్చును. యెడమే లేనిచో త్రిప్పు బలము లేదు.

ఇంత తెలిసియు మొదట నేను తప్పుచేసితిని. పని సులువగునని పంగను తిన్నగా చేయించి, చక్రపు ఇరుసును సరిగా కడ్డీ క్రిందనే ఉంచితిని. బండిని లాగగా చక్రము అడ్డముగా నిలిచి, నేలపై గీతలు గీయుచు ఈడ్వబడెను. అప్పుడొక విద్యార్థి, సైకిలు ముందు పంగ వెనుకకు గాక ముందునకు వంగియుండునే, అది యెట్లు చక్కగా నడచునని ప్రశ్నించెను. ప్రశ్న మంచిది. సైకిలులో పంగ తిరుగు గొట్టము నిలువుగా లేక వాలియుండును. ఆ వాలును నేలవరకు పొడిగించి చూడుడు. అది చక్రము నేలను తాకుచోటునకు ముందుగానే దిగును. పంగ ముందునకు వంగినను వెనుకయెడము మిగిలియే యున్నది. గోడప్రక్క సైకిలు నిలిపి, వాలువెంట దారము పట్టి మేము దీనిని కొలిచి చూచితిమి.

రెండవసారి సరంజామా కొరకు ఆదివారపు సంతకు పోయితిమి. ఎర్రగడ్డ సంతలో పాతయినుము నడుమ ఓపికతో వెదకువానికి దొరకని వస్తువు తక్కువ. సామాను తోపుడుబండినుండి ఊడదీసిన ఎనిమిదంగుళముల పోతయినుప చక్రమును, ఏదో పాతబండి ముందుహబ్బును కొంటిమి. ఆ హబ్బే మా పనికి ప్రాణము. దానిలో రెండు టేపరు రోలరు బేరింగు లుండును. అవి పైనుండి వచ్చు బరువును, ప్రక్కనుండి వచ్చు ఒత్తిడిని కూడ ఓర్చుకొనును. బండికి అడ్డముగా తిరుగు హబ్బును నిలువుగా నిలిపినచో అదియే క్యాస్టరు మెడ యగును. వట్టి బోల్టును వాషరును పెట్టి పని జరుపుకొందమనుకొనువారు ఈ లెక్క చూడవలెను: మా చక్రముపై పడు బరువు సుమారు 450 కిలోలు, వెనుకయెడము 2 అంగుళములు. బరువు కడ్డీకి సూటిగా క్రిందలేదు గనుక అది కడ్డీని వంచజూచును. బేరింగుల నడుమ దూరము 3 అంగుళములైనచో, 450ని 2తో హెచ్చించి 3చే భాగింపగా, ఒక్కొక్క బేరింగుపై ప్రక్కకు 300 కిలోల ఒత్తిడి వచ్చును. బండి నిలిచియున్నప్పుడే ఇంత! యెడమును పెంచినకొలది చక్రము చురుకుగా తిరుగును, మెడపై భారమును పెరుగును. అందుచే రెండంగుళములతో తృప్తిపడితిమి.

జీపు చట్రపు రెండు దూలములకు అడ్డముగా ఇనుప ఛానెలును బోల్టులతో బిగించి, దాని నడుమ ఈ మెడను వెల్డింగు చేయించితిమి. మెడ సరిగా నిలువుగా నుండవలెను; ఒరిగినచో చక్రము ఎప్పుడును ఒకవైపే తిరుగజూచును.

చిన్నచక్రమునకు చిన్న అడ్డంకియే పెద్దది. అర్ధాంగుళము ఎత్తుగల గడపను ఎనిమిదంగుళముల చక్రము మెల్లగా ఎక్కవలెనన్న, మోయు బరువులో నూటికి 55 వంతుల బలముతో, అనగా సుమారు 250 కిలోల బలముతో లాగవలెను. ఇరువదియెనిమిదంగుళముల జీపు చక్రమైనచో అందు సగమే చాలును. మేము గచ్చంతయు ఊడ్చి, ద్వారమువద్ద పలక పరచినది ఇందుకే.

ఒకే చక్రము ముందుండుటవలన బండి మూడు కాళ్ల పీట యగును. జీపు వెనుకచక్రముల నడుమ సుమారు 49 అంగుళములు. ముందు ఒక్క బిందువే. బండి నడుమకు వచ్చునప్పటికి ఆ త్రిభుజపు వెడల్పు 24 అంగుళములు మాత్రమే. గురుత్వకేంద్రము ఆ హద్దు దాటినచో బండి ఒరుగును. కావున ఎవ్వరును జీపు నెక్కరాదనియు, వేగముగా త్రిప్పరాదనియు కట్టడి చేసితిమి.

ఇట్టి యమరికనే మన పెద్దలు బేగంపేటలో చూచియుందురు. 1945లో స్థాపింపబడి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిన దక్కను ఎయిర్‌వేసువారి డకోటా విమానములకు రెక్కల క్రింద రెండు పెద్దచక్రములు, తోకక్రింద ఒక క్యాస్టరు ఉండెడివి. నేలపై మళ్లునప్పుడు తోకచక్రమును స్వేచ్ఛగా వదలి, పరుగెత్తునప్పుడు దానికి తాళము వేసెడివారు. మేమును పంగలో ఒక రంధ్రము తొలిచి, తిన్నగా పోవలసినప్పుడు చీల దోపితిమి.

ఇక దాపరికము లేక చెప్పవలసిన సంగతి. చక్రములు తేలికగా తిరుగునని వెనుక ప్రొపెల్లరు షాఫ్టును విప్పించితిని. ఈ పాత జీపులలో చేతిబ్రేకు చక్రములవద్ద గాక, గేరుపెట్టె వెనుక, ఆ షాఫ్టు మొదట నుండును. షాఫ్టు పోయినచో చేతిబ్రేకు ఉండియు లేనిదే. ముందు ఇరుసు తీయునప్పుడు బ్రేకు గొట్టములు విప్పుటచే కాలిబ్రేకు అంతకుముందే పోయినది. ద్వారము దాటగానే పల్లము. జీపు తానై కదలెను. చీల తీసియున్నందున ముందుభాగము ప్రక్కకు మళ్లి, త్రాడు పట్టినవారివైపు తిరిగెను. తొమ్మిదవ తరగతి బాలుడొకడు, ఇటుకతో సిద్ధముగా నిలిచినవాడు, దానిని వెనుకచక్రము క్రింద పడవేసెను. బండి జానెడు దూరము పోయి ఆగెను. ఇటుకలు పట్టుకొని ఇద్దరు నడువవలెనని చెప్పినది మన కాపలాదారు. నేను అది అనవసరమని నవ్వితిని. ఆనాటి సాయంకాలము అతనియొద్దకు పోయి నా తప్పు ఒప్పుకొంటిని.

మరునాడు ప్రతి చక్రమునకు చెక్క ఆపులు చేయించి, వెనుక ఒక త్రాడును చెట్టుకు చుట్టి వదలుచు దింపితిమి. వెనుకకు త్రోయునప్పుడు మరియొక వింత కనబడెను: పంగ అర్ధవృత్తము తిరుగువరకు బండి ముక్కు ప్రక్కకు జరుగును. గోడప్రక్కనున్నవాడు చేతులు దూరముగా నుంచుకొనవలెను. జూబిలీహిల్సు స్టూడియోలలో కెమెరా ట్రాలీని పట్టాలపై నడుపుట యేలయని అడుగు బాలురకు ఒక కారణము ఇందే దొరకును; ఇట్టి కుదుపు బొమ్మలో కనబడక మానదు.

జీపు ఇప్పుడు వేపచెట్టు క్రింద నున్నది. క్యాస్టరును విప్పి షెడ్డు మూలనుంచితిమి. వార్షికోత్సవమునాడు వచ్చు తలిదండ్రులు దానిని త్రిప్పి చూడవచ్చును గాని, మెడకు గ్రీజు దట్టముగా పట్టించియున్నాము, చేతికంటును.