నవ్వించడమూ ఒక హాబీయే

స్టాంపులు సేకరించాలంటే డబ్బు కావాలి. వీణ నేర్చుకోవాలంటే వీణ కావాలి. హాస్యం రాయడానికి ఓ తెల్లకాగితం, చుట్టూ చూసే కళ్ళు చాలు. మనుబోలు నుంచి నెల్లూరు కాలేజీకి బస్సులో వచ్చే మాలాంటి వాళ్ళకైతే ముడిసరుకు టిక్కెట్టుతోపాటే దొరుకుతుంది. కిటికీలోంచి తుండు విసిరి, ఆ సీటు తన పట్టాభూమి అని వాదించే పెద్దమనిషి ఒక్కడు చాలడూ!

మన హాస్యరచయితల్లో భమిడిపాటి కామేశ్వరరావు, మునిమాణిక్యం నరసింహారావు బడిపంతుళ్ళు. పాఠాలు చెప్పుకుంటూనే రాశారు. మునిమాణిక్యం 'కాంతం' కథల్లో తరచు ఓడిపోయేది భర్తే. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' (మొదటి భాగం 1924) లో పార్వతీశం తన తెలివితక్కువ పనులు తానే చెప్పుకుంటాడు. కిటుకంతా అక్కడే ఉంది. చెప్పేవాడు ముందు తనమీద తాను నవ్వుకుంటే, వినేవాడు జంకు లేకుండా నవ్వుతాడు.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ఓ మిత్రుడి నత్తిమీద నాలుగు ముక్కలు రాసి క్యాంటీన్లో చదివాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ తర్వాత నాలుగు నెలలు నాముందు నోరు విప్పలేదు.

అప్పట్నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరిమీద రాశానో ముందు వాళ్ళకే చదివి వినిపిస్తాను. "ఇంతేనా అబ్బయ్యా! నేనింకా ఎక్కువే చేశా గదా!" అంటే అచ్చుకిస్తాను. ఊరకుంటే చింపేస్తాను.

ఇప్పుడు ఫోన్లో ఒక్క వేలితో వందమందికి పంపుతున్నాం. పంపాక చింపడానికి కాగితం ఉండదు. కనుక మిత్రులారా, రాయండి, తప్పక రాయండి. పంపేముందు మాత్రం ఒకరికి వినిపించండి.